యాభై నిమిషాల లోపల



కువైట్‌లో ఆరుబయట గట్టిగా పరుగెత్తడానికి ఏడాదిలో నాలుగు నెలలే పనికొస్తాయి. నవంబరు సగం దాటాక మొదలై మార్చి సగానికి ఆ కాలం అయిపోతుంది. అక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకునేదీ, సముద్రం ఒడ్డున పరుగు పందేలు జరిగేదీ ఈ నెలల్లోనే. ఇంత చిన్న చలికాలంలో, జీతానికి పనిచేసుకునే మామూలు మనిషి డ్యూటీ దిగి, బూట్లు వేసుకుని, పోయినేటి తన టైమును ఈ యేడు కాస్తయినా తగ్గించాలని ఎందుకు పట్టుబడతాడు? కాసేపు దాని గురించి మాట్లాడతాను. ఆ పట్టుబట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాది రాయచోటి పక్క పల్లె. ఉండేది సులైబియాలో. అక్కడి ఒక గోడౌన్లో స్టోర్‌కీపర్ పని.

సులైబియా అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాజంపేట, రాయచోటి, నెల్లూరు, కోనసీమ, ఏ వైపు చూసినా కువైట్‌లో మనిషి లేని వీధి ఉండదు. వాళ్ళలో కొందరైనా ఆ పేరు ఫోన్లో చెప్పే ఉంటారు. కువైట్ నగరానికి పడమర, జహ్రా వైపు, ఆరో రింగు రోడ్డు పక్కన ఉంటుంది. సముద్రం కనపడదు. అద్దాల మేడలు ఉండవు. ఒక పక్క కంపెనీల గోడౌన్లు, వర్క్‌షాపులు, ఇంకో పక్క మజ్రాలనే పొలాలు, పాడి పశువుల ఫారాలు. దేశమంతటికీ కూరగాయలూ పళ్ళూ వెళ్ళే ఫర్దా మార్కెట్ అక్కడే. నగరం వాడి వదిలేసిన మురుగునీటిని వడగట్టి శుద్ధి చేసే పెద్ద ప్లాంటు కూడా అక్కడే. 2005 నాటికి నడుస్తున్న ఆ ప్లాంటును రోజుకు 3,75,000 ఘనపు మీటర్ల నీళ్ళకని కట్టి, తర్వాత ఇంకా పెంచారు. అక్కడ శుభ్రపడిన నీళ్ళతో వఫ్రా, అబ్దలీ పొలాలు పచ్చగా ఉన్నాయి. ఒకప్పుడు ఆ వైపు ఎడారిలో పాత టైర్లు కోట్ల సంఖ్యలో కుప్పలు పడి ఉండేవి. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో కూడా నల్లగా కనపడేవి. 2021లో వాటిని సాల్మీ వైపు తరలించారు. ఇలా ఊరికి అవసరమైనవీ, ఊరికి అక్కర్లేనివీ రెండూ చేరే చోటు సులైబియా. పరుగు పత్రికల్లో ఫొటోలు వేసే రకం చోటు కాదు. నాకు మాత్రం అంతకన్నా మంచి మైదానం ఇంతవరకూ దొరకలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు మన ఊళ్ళ సంగతి చెప్పాలి.

మా పల్లెల్లో మగపిల్లవాడికి పరుగు పరిచయమయ్యేది పోలీసు సెలక్షన్ల వల్లే. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లను 8 నిమిషాల లోపల పరుగెత్తాలి. తెలంగాణలో 2022 నియామకాలకు మగవాళ్ళకి 7 నిమిషాల 15 సెకన్లు పెట్టారు. నోటిఫికేషన్ పడిందంటే చాలు, తెల్లవారుజామున నాలుగింటికి ఊరి బయట తార్రోడ్డు నిండిపోతుంది. ఒకడు సెల్‌ఫోన్ పట్టుకుని టైము చూస్తాడు, మిగతావాళ్ళు మైలురాయి దాకా పోయి తిరిగొస్తారు. కొందరికి బూట్లుంటాయి, కొందరివి ఉత్తకాళ్ళు. ఆ చీకట్లో ఎంత ఆశ ఉంటుందో ఆ రోడ్డు మీద పరుగెత్తినవాడికే తెలుస్తుంది. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఆ రోడ్డు మీద ఒక్కడూ ఉండడు. ఉద్యోగం వచ్చినవాడు ట్రైనింగుకి పోతాడు, రానివాడు పాస్‌పోర్ట్ ఆఫీసుకి పోతాడు. నేను పరుగులో నెగ్గాను, రాతపరీక్షలో పోయింది. తర్వాత కువైట్ వచ్చేశాను.

ఇక్కడొక లెక్క చూడండి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే కిలోమీటరుకు సరిగ్గా 5 నిమిషాలు. అదే వేగాన్ని వదలకుండా పట్టుకుంటే 10 కిలోమీటర్లు 50 నిమిషాలు. ప్రపంచంలో ఎక్కడి మామూలు రన్నర్‌ని అడిగినా, 10 కిలోమీటర్లు యాభై లోపల కొట్టాలి అనేది ఒక పెద్ద మెట్టు. అంటే మన పల్లెల్లో వేలమంది కుర్రాళ్ళు ఒకప్పుడు ఆ వేగాన్ని కాళ్ళల్లో పెట్టుకుని తిరిగినవాళ్ళే. మైలు దూరం దాన్ని నిలబెట్టారు. దాన్ని ఆరింతలకు పైగా సాగదీయగలమా అన్నది తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్న మనల్ని ఎవ్వరూ అడగలేదు, అడిగితే వచ్చే ఉద్యోగం లేదు కాబట్టి.

మొదటిసారి మా అమ్మకి ఫోన్లో చెప్పినప్పుడు ఆమె అడిగింది: "పరిగెత్తతాండావా? యాల నాయనా? ఆడ గూడ సెలక్షన్లు ఉండాయా?"

"లేవుమా, ఊరికే."

"ఊరికేనా!" అని కాసేపు ఆగి, "పొద్దస్తమానం నిలబడి పనిజేసి, మళ్ళా ఊరికే పరిగెత్తేదా? కాళ్ళు నొయ్యవా?" అంది.

ఆమె అడిగింది న్యాయమే. మన ఇళ్ళల్లో ఒంటి కష్టానికి ఎప్పుడూ ఒక ధర ఉంటుంది. ధర లేని కష్టం ఆమె చూడలేదు. నేను అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతాను.

గల్ఫ్‌కి పోయిన మనిషి చుట్టూ అంకెలే ఉంటాయి. బతాకా అనే గుర్తింపు కార్డు మీద పన్నెండు అంకెల నంబరు. కంపెనీ వీసా పద్దెనిమిదా, ఇంటిపని వీసా ఇరవయ్యా. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, తీరే తేదీ. డ్యూటీ గంటలు, ఓటీ గంటలు. దినారుకి ఈ రోజు ఎన్ని రూపాయలు. ఊరికి ఎంత పంపాం, అప్పు ఇంకా ఎంత ఉంది. ఇవన్నీ మన బతుకును నడిపే అంకెలే, కానీ వీటిలో ఒక్కటీ మన చేతిలో ఉండదు. ఒకరు ఇస్తారు, ఇంకొకరు తగ్గిస్తారు. 10 కిలోమీటర్లకి నాకు పట్టిన టైము అలాంటిది కాదు. అది ఎవరూ ఇచ్చింది కాదు. తగ్గిస్తే నేనే తగ్గించాలి. ఒక చలికాలం పొడుగునా దాన్ని వెంటాడటంలో ఉన్న సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా రాలేదు. ఇది అతిశయోక్తి కాదు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇక ఎండ సంగతి. కువైట్ వాయవ్య ఎడారిలో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ఆసియా ఖండం మొత్తంలో ఇప్పటిదాకా ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న లెక్కల్లో అదే ఎక్కువ. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. అలాంటి ఎండాకాలంలో రాత్రి పది గంటలకు కూడా రోడ్డు సెగలు కక్కుతుంది. మనం పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే అడుగు వేయడానికి పనికొస్తుంది. మిగిలిందంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపాలంటే ఒళ్ళు తన రక్తాన్ని చర్మానికి మళ్ళించాలి, చెమట పట్టించాలి. అంటే కాళ్ళకు పోవాల్సిన రక్తంలో కొంత చర్మానికి పోతుంది. గుండె అదే వేగానికి ఇంకా గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది. చలిలో ఈ పోటీ అంతగా ఉండదు. అందుకే పెద్ద పెద్ద మారథాన్ రికార్డుల్లో చాలావరకు పది డిగ్రీల అటూ ఇటూ ఉన్న ఉదయాల్లో వస్తాయి.

2019 అక్టోబరు 12న ఎలియుడ్ కిప్చోగే వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తినప్పుడు, నిర్వాహకులు ముందే ఎనిమిది తొమ్మిది రోజులు గడువు పెట్టుకుని, వాతావరణం చూసి అందులో రోజు ఎంచుకున్నారు. ముందు కారు, చుట్టూ గాలిని అడ్డుకునే రన్నర్లు. అందుకే దాన్ని అధికారిక రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు, అయినా ఆ సాధన గొప్పదే. మనలాంటి వాడికి రోజు ఎంచుకునే వీలు లేదు. పందెం తేదీ పడుతుంది, ఆ రోజు డ్యూటీ పడకుండా ఉండాలి, దుమ్ము లేవకుండా ఉండాలి, జలుబు చేయకుండా ఉండాలి. ఇవన్నీ కలిసొచ్చే పొద్దు చలికాలం మొత్తంలో ఒకటో రెండో.

అయితే ఆ ఒక్క పొద్దు కోసం పనంతా జరిగేది ఎండాకాలంలోనే. వేసవి రాత్రుల్లో నెమ్మదిగా, మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా పోవాలి. అప్పుడు టైము చూడకూడదు. చూస్తే గుండె చెరువవుతుంది. చలి తగలగానే, ఒంట్లో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. నవంబరు చివర్లో ఒక రాత్రి అదే రోడ్డు మీద అదే ఆయాసానికి కిలోమీటరు ముప్పై సెకన్లు ముందే వచ్చేస్తుంది. ఆ రాత్రి ఎలా ఉంటుందో రన్నర్లని అడగండి.

నేను పరుగెత్తే చోటు ఇలా ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున గోడౌన్ల వీధులన్నీ ఖాళీ. షట్టర్లు దించి ఉంటాయి. లారీలు వరసగా నిద్రపోతుంటాయి. ఒక్కో వీధి తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది, మలుపు లేదు, ఎత్తుపల్లం లేదు. ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభానికి గట్టిగా, మరో దానికి మెల్లగా పోతే అవే ఇంటర్వెల్స్. రోడ్డు అంచున ఇసుక సన్నగా పరుచుకుని ఉంటుంది, దాని మీద కాలు పడితే జారుతుంది, అందుకని మధ్యలో పోవాలి. అక్కడక్కడా నట్లూ, బోల్టులూ, పాలెట్ల చెక్కముక్కలూ పడి ఉంటాయి. నా బూటు అడుగున ఒకసారి ఇనుప తీగముక్క దిగింది, నడుం వంచి పీకి పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూల మీద బఖాలా, అంటే కిరాణా కొట్టు, ఒక్కటే తెరిచి ఉంటుంది. ఆ బఖాలా నడిపే ఈజిప్టు ఆయన నన్ను చూడగానే నీళ్ళసీసా తీసి గట్టు మీద పెడతాడు. తిరిగొచ్చేటప్పుడు తాగి, వంద ఫిల్సు అక్కడే పెట్టి పోతాను. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చేతి గడియారం మీద తట్టి చూపించి, ఎంత అన్నట్టు తలెగరేస్తాడు. వేళ్ళతో చెబుతాను. బాగుంటే బొటనవేలు ఎత్తుతాడు.

గాలి ఏ వైపు నుంచి ఉందో సులైబియాలో ముక్కే చెబుతుంది. ఫారాల వైపు నుంచి వస్తే పేడ వాసన, ఫర్దా వైపు నుంచి వస్తే కుళ్ళిన టమాటాలు, కొత్తిమీర కలిసిన వాసన. మా పల్లెలో పెరిగినవాడికి ఆ రెండూ ఇబ్బంది పెట్టవు. గాలి మాత్రం పెడుతుంది. అక్కడి గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. చలికాలంలో అది ఎదురైతే చెవులు మొద్దుబారతాయి.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన తెలుగమ్మాయి జ్యోతి యర్రాజీ కథ అందులో ఉంది. విశాఖపట్నం అమ్మాయి, 100 మీటర్ల హర్డిల్స్. 2022 ఏప్రిల్లో కోళికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్‌లో ఆమె అప్పటి జాతీయ రికార్డు కన్నా వేగంగా పరుగెత్తింది. వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లుంది. నియమం 2.0 దాకానే ఒప్పుకుంటుంది. సెకనుకు పది సెంటీమీటర్ల గాలి ఎక్కువైందని ఆ టైము రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. అంతకు ముందు 2020లో కూడా ఆమె రికార్డు కన్నా మెరుగ్గా పరుగెత్తిన టైము ఒకటి సాంకేతిక కారణాలతో లెక్కలోకి రాలేదు. అలాంటప్పుడు ఎవరికైనా కాళ్ళు విరిచేసినట్టే ఉంటుంది. ఆమె తర్వాతి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు పరుగెత్తింది. అనురాధా బిస్వాల్ పేర 2002 నుంచి ఉన్న 13.38 చెరిగిపోయింది. ఆ ఏడాది ముగిసేలోపు ఆమె 13 సెకన్ల లోపలికి కూడా వచ్చేసింది. నాకు ఆమె పతకాల కన్నా ఆ ఒప్పుకోని టైముల తర్వాత మళ్ళీ గీత దగ్గర నిలబడటమే ఎక్కువగా గుర్తుంటుంది.

రోడ్డు పందేలకీ ఇలాంటి నియమమే ఉంది. 2011లో బోస్టన్ మారథాన్‌ను జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో ముగించాడు. అప్పటి ప్రపంచ రికార్డు కన్నా దాదాపు నిమిషం తక్కువ. అయినా ఒప్పుకోలేదు. బోస్టన్ దారి ఒక ఊళ్ళో మొదలై ఇంకో ఊళ్ళో ముగుస్తుంది, కిందికి దిగుతూ పోతుంది, ఆ రోజు గాలి వెనక నుంచి తోసింది. రికార్డుకి పనికిరావాలంటే మొదలుకీ ముగింపుకీ మధ్య నేరుగా కొలిచిన దూరం పందెం దూరంలో సగం మించకూడదు, కిలోమీటరుకు మీటరు కన్నా ఎక్కువ దిగకూడదు. గాలి ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకోవాలని ఆ నియమం ఉద్దేశం. నిజానికి తీసుకునేదే ఎక్కువ. వెనక గాలి పోతూ పోతూ మిగిల్చే సెకన్ల కన్నా ఎదురుగాలి తిరుగుదారిలో తినేసే సెకన్లు ఎక్కువ.

కొలత గురించి కూడా ఒక మాట. సరిగ్గా కొలిచిన రోడ్డు పందెం దారిని సైకిల్ చక్రానికి బిగించిన లెక్కపెట్టే పరికరంతో, మలుపుల్లో అతి దగ్గరి గీత పట్టుకుని కొలుస్తారు. పొరపాటున కూడా దూరం తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు. 10 కిలోమీటర్ల పందెం దారి అలా 10 కిలోమీటర్ల 10 మీటర్లుగా గీస్తారు. మనం ఆ దగ్గరి గీత మీదే పోలేం, జనం అడ్డమొస్తారు, మలుపులో పక్కకి జరుగుతాం. అందుకే చేతి గడియారం గీత దాటేసరికి ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. కొందరు ఆ గడియారంలో 10 కిలోమీటర్లు పడిన క్షణాన్నే తమ టైము అనుకుంటారు. నాకది ఇష్టం లేదు. గీత ఎక్కడుంటే అక్కడిదాకా పోయిన టైమే టైము.

జనవరిలో నా 10 కిలోమీటర్ల పందెం ఉన్న ఉదయం మేము సులైబియా నుంచి చీకట్లోనే బయల్దేరాం. మేము అంటే నేనూ, మా రూమ్మేటూ. అతనిది అమలాపురం వైపు. డ్రైవరు. నాకన్నా చిన్నవాడు, నాకన్నా బాగా పరుగెత్తుతాడు. గల్ఫ్ రోడ్డు చేరేసరికి తొమ్మిది డిగ్రీలు. చిన్నా పెద్దా, అరబ్బులూ, ఫిలిప్పీన్స్ వాళ్ళూ, మలయాళీలూ, తెల్లవాళ్ళూ అంతా ఒకే చోట గెంతుతూ ఒళ్ళు వేడి చేసుకుంటున్నారు. దారి సముద్రం పక్కనే, కువైట్ టవర్లు దాటి ముందుకి పోయి, అయిదు కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగి రావాలి. గాలి వాయవ్యం నుంచే ఉంది. అంటే పోయేటప్పుడు వీపు మీద, వచ్చేటప్పుడు ముఖం మీద.

మావాడు బిబ్‌కి, అంటే ఛాతీ మీది నంబరు కాగితానికి, పిన్నీసు పెట్టుకుంటూ అన్నాడు: "అన్నయ్యా, ఎనకాల గాలుందని ఎగేసుకుని పోకండి. ఇప్పుడిచ్చిందంతా తిరిగొచ్చేటప్పుడు లాగేసుకుంటాది. మీరు మొదటి మూడూ నా ఎనకాలే ఉండండి, ఆ తరవాత మీ ఇష్టం."

అతని వెనకే ఉన్నాను. అయిదు కిలోమీటర్ల దగ్గర 24 నిమిషాల 38 సెకన్లు. యాభై నిమిషాల లెక్కన చేతిలో ఇరవై రెండు సెకన్లు మిగిలాయి. మలుపు తిరగ్గానే గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపింది. బిబ్ కాగితం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు ఇద్దరు పొడుగాటి మనుషులు జంటగా పోతున్నారు. వాళ్ళ వెనక రెండడుగుల దూరంలో తల దాచుకున్నాను. ఏడో కిలోమీటరు 5 నిమిషాల 6 సెకన్లు. ఎనిమిదో కిలోమీటరూ అంతే. మిగిల్చుకున్నది సగం పైన కరిగిపోయింది. పిక్కలు బిగుసుకుంటున్నాయి. నోట్లో ఉప్పు రుచి, ఊపిరి రెండడుగులకొకసారి. ముందున్న ఇద్దరిలో ఒకాయన వెనక్కి చూసి, పక్కకి జరిగి, చెయ్యి చూపించాడు. నువ్వు కాసేపు ముందు పో అని. ఆయన అడిగింది సరైనదే, అంతసేపు ఆయన గాలిని నా బదులు కాశాడు. ముందుకెళ్ళాను. అలా ముగ్గురం వంతులవారీగా తొమ్మిదో కిలోమీటరు దాటాం. వాళ్ళెవరో, ఏ దేశమో నాకు తెలియదు.

ఆఖరి కిలోమీటర్లో నేను మా ఊరి రోడ్డు లెక్క వేసుకున్నాను. 1600 మీటర్లలో ఆఖరి వెయ్యి. మైలురాయి దగ్గర సెల్‌ఫోన్ పట్టుకున్నవాడు అరుస్తున్నట్టే అనుకున్నాను. ఒళ్ళు ఆ వేగాన్ని గుర్తుపట్టింది. ముగింపు గీత మీది చాప కుయ్‌మని మోగింది.

గీత పైన ఉన్న పెద్ద గడియారంలో 50 నిమిషాల 20 సెకన్లు. గడియారం తుపాకీ పేలినప్పటి నుంచి నడుస్తుంది. నేను వెనక వరసల్లో ఉండి మొదటి గీత దాటేసరికే ఇరవై ఎనిమిది సెకన్లు పోయాయి. బూటుకి కట్టిన చిప్ లెక్క ప్రకారం 49 నిమిషాల 52 సెకన్లు. నా గడియారం 10 కిలోమీటర్ల 90 మీటర్లు చూపించింది. దాని మాట వింటే ఇంకో ఇరవై ఏడు సెకన్లు తక్కువ రాసుకోవచ్చు. రాసుకోలేదు. బహుమతుల వాళ్ళకి తుపాకీ టైమే లెక్క, అది న్యాయం. నాలాంటి వాడికి గీత నుంచి గీత దాకా చిప్ చెప్పినది. పోయిన చలికాలం 51 నిమిషాల 40 సెకన్లు. ఈ చలికాలం 49:52. నా పేరు పక్కన ఆ అంకె ఫలితాల్లో పడింది.

ఆ ఉదయం అక్కడ లేని వాళ్ళ గురించి కూడా చెప్పాలి. కువైట్‌లో మన తెలుగు మనుషుల్లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎంతో మంది. మా ఊరి వాళ్ళూ ఉన్నారు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలు మించని పని అని చెబుతోంది. చట్టంలో ఉన్న సెలవు రోజు ప్రతి ఇంట్లోనూ చేతికి దొరకదు. పోలీసు సెలక్షన్లకి మాతో పాటు పరుగెత్తిన అమ్మాయిల్లో ఎవరైనా ఈ రోజు అలాంటి ఇంట్లో ఉండి ఉండవచ్చు. నాకు ప్రతి శుక్రవారం దొరికే ఖాళీ రోడ్డు ఆమెకీ దొరకాలి. ఇది వింటున్న వాళ్ళలో అక్కడ మనుషుల్ని పంపే ఏజెంట్లుంటే, ఆ సెలవు రోజు గురించి కాగితం మీద రాయించి పంపండి. చదివి వినిపించండి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంకో మాట, ఇంట్లో వాళ్ళకి. మీ అబ్బాయో తమ్ముడో ఫోన్లో పరుగెత్తుతున్నానని చెబితే, ఎందుకు అని అడగండి గానీ, వద్దనకండి. నలభై దాటినవాడైతే ముందు బీపీ, షుగరు చూపించుకోమనండి. రోడ్డు పక్కన చీకట్లో పోతుంటే మెరిసే జాకెట్ వేసుకోమనండి, అక్కడి లారీల వేగం చాలా ఎక్కువ. వేసవిలో పగటి పూట మాత్రం అసలొద్దు. మిగతా సంగతి అతని కాళ్ళకే వదిలేయండి.

పందెం అయిన వారానికి ఫర్దా మార్కెట్లో పెట్టెలు మోసే పీలేరు కుర్రాడొకడు రూముకొచ్చాడు. అతనూ 1600 మీటర్లు పరుగెత్తినవాడే. "అన్నా, నేను గూడ వచ్చేదా శుక్రవారం? బూట్లు లేవు, సెప్పులే ఉండాయి," అన్నాడు. మా అమలాపురం తమ్ముడు అతని పాదం కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్తో గీశాడు, వెడల్పు ఎంతుందో చూడటానికి. పాదం వెడల్పు, మడమ లోపలికి వాలుతోంది. సాదా బూట్లు పనికిరావు. జీతాలు పడ్డాక గురువారం సాయంత్రం ముగ్గురం సాల్మియా వెళుతున్నాం. అక్కడ ఒక షాపులో పాత మోడళ్ళ మీద ధర తగ్గించారట. మార్చి లోపల ఇంకో పందెం ఉంది, అతని పేరు కూడా ఇప్పటికే రాయించేశాం.